పది నిమిషాలు ఆపితే మామూలైపోయే బండి: ఒక డయాగ్నసిస్ కేసు

షెడ్లలో పనిచేస్తున్న మెకానిక్‌ల కోసం సాయంత్రం పూట మూడు నెలల డయాగ్నసిస్ బ్యాచ్ నడుపుతుంటాను. ఈ కేసు అలాంటి ఒక బ్యాచ్‌లో వచ్చింది. ఇందులో రెండు విషయాలు కలిసి నడుస్తాయి. ఒకటి, లోడు మీద దారి మధ్యలో పికప్ పోగొట్టుకునే చిన్న డీజిల్ గూడ్స్ బండి. రెండోది, చేయి తిరిగిన ఒక మేస్త్రీ ఆలోచించే పద్ధతి మారిన తీరు. బండి యజమాని, మేస్త్రీ ఇద్దరూ సరేనన్నాకే రాస్తున్నాను. ఊళ్లు, బండి మోడల్, షెడ్డు ఉన్న చోటు వదిలేశాను. కొలతలు మాత్రం ఆ రోజు మేం రాసుకున్నవే.

నేపథ్యం

మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చిన్న వయసులోనే ఆటోనగర్ షెడ్లలో హెల్పర్లుగా చేరి పని నేర్చుకున్నవాళ్లు. ఐటీఐలో మెకానిక్ డీజిల్ గానీ మోటార్ వెహికల్ గానీ చదివి వచ్చేవాళ్లు బ్యాచ్‌కి ముగ్గురో నలుగురో ఉంటారు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అనే కఠినమైన పొగ నిబంధనల బండ్లు వచ్చాక షెడ్డు పని ఒక్కసారిగా కష్టమైంది. అందుకే మొదటి రోజు అందరూ అడిగేది బండి కంప్యూటర్ నమోదు చేసిన తప్పుల్ని చదివే స్కానర్ గురించే: "సార్, స్కానర్ నేర్పండి."

మన మేస్త్రీ కూడా అదే అడిగాడు. పద్నాలుగో ఏట షెడ్డులో చేరి, ఇప్పుడు సొంత షెడ్డు పెట్టుకున్నాడు. కింద ఇద్దరు కుర్రాళ్లు పనిచేస్తారు. ఆయన చెవి చాలా గొప్పది. ఇంజన్ స్టార్ట్ చేయగానే మిస్సింగ్ ఏ నాజిల్‌దో చెప్పేసేవాడు. కామన్ రెయిల్ (ఎక్కువ ప్రెషర్‌లో ఉన్న డీజిల్‌ను రెయిల్ అనే ఒకే గొట్టంలో ఉంచి అన్ని సిలిండర్లకూ పంచే పద్ధతి) వచ్చి ఎన్నాళ్లయినా, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్‌ని మన షెడ్లలో ఇంకా నాజిల్ అనే అంటారు. నేను ఇంజెక్టర్ కనెక్టర్లు ఒక్కొక్కటే తీసి సరిచూసేవాణ్ణి. చాలాసార్లు ఆయన చెప్పిందే నిజమయ్యేది.

ఇబ్బంది అంతా చెవికి దొరకని తప్పులతోనే. శబ్దంలో ఏమీ తెలియకపోతే ఆయనకు మిగిలిన దారి పార్ట్ మార్చడం. ఒకటి మార్చి పంపిస్తాడు, మళ్లీ వస్తే ఇంకొకటి మారుస్తాడు. ఇందులో మోసం ఏమీ లేదు, ఆయన ఉస్తాద్ ఆయనకు నేర్పింది అదే. కంప్యూటర్ లేని పాత ఇన్‌లైన్ పంపు రోజుల్లో విడిభాగాలు తక్కువ, ధరలూ తక్కువ. అందుకే ఆ పద్ధతి నడిచింది.

బోధనలో ముందు చేసిన తప్పులు

బండి సంగతికి వెళ్లే ముందు ఇది చెప్పాలి. మొదటి నెలంతా నేను నేర్పిన పద్ధతి ఈ మేస్త్రీకి పనికిరాలేదు.

మొదట థియరీతో మొదలుపెట్టాను. రెయిల్ ప్రెషర్ సెన్సర్‌కి 5 వోల్టులు వెళ్తాయి, ప్రెషర్ పెరిగేకొద్దీ సిగ్నల్ సుమారు అర వోల్టు నుంచి నాలుగున్నర వైపు పెరుగుతుంది అంటూ బోర్డు మీద గీశాను. అందరూ రాసుకున్నారు. మర్నాడు బండి ముందు నిలబెడితే ఆ గీత ఎవరికీ గుర్తు రాలేదు.

తర్వాత బండిలో నేనే తప్పులు పెట్టి కనుక్కోమన్నాను. ఫ్యూజ్ తీశాను, వైరు కత్తిరించాను, కనెక్టర్ పిన్ను వెనక్కి నెట్టాను. రెండు వారాల్లో అందరూ చకచకా పట్టేయడం మొదలుపెట్టారు. నాకు సంతోషమేసింది. కానీ దగ్గరగా చూస్తే వాళ్లు నేర్చుకున్నది బండిని కాదు, నన్ను. సార్ ఎక్కడ చేయి పెట్టి ఉంటాడు అని వెతుకుతున్నారు. పైగా సులువుగా పెట్టగలిగే తప్పులన్నీ ఎలక్ట్రికల్‌వే. అరిగిపోయిన పంపునో, సగం మూసుకుపోయిన పైపునో పదినిమిషాల్లో తయారు చేయలేం కదా. అందువల్ల బ్యాచ్ మొత్తానికి మెకానికల్ తప్పుల వైపు చూపే పోలేదు. ఇది నా వల్ల జరిగిన నష్టం. ఆ తర్వాత షెడ్లు తిరిగి పాడైపోయిన అసలు పార్టులు పోగుచేయడం మొదలుపెట్టాను. కారే ఇంజెక్టర్లు, లోపలి పొర ఊడిన హోసులు, పూడిపోయిన ఫిల్టర్లు ఇప్పుడు మా దగ్గర ఒక బీరువా నిండా ఉన్నాయి.

మూడోది వర్క్‌షీట్. "ఈ పరీక్ష ఎందుకు చేస్తున్నావు, ఏ రీడింగ్ రావాలనుకుంటున్నావు, అది రాకపోతే ఏం అర్థమవుతుంది" అని మూడు గడులు. పద్ధతి సరైనదే. కానీ దాన్ని నేను ఇంగ్లిష్‌లో అచ్చువేయించాను. మేస్త్రీ ప్రతిసారీ ఖాళీగా తిరిగి ఇచ్చేవాడు. బద్ధకం అనుకున్నాను. ఒకరోజు అందరూ వెళ్లిపోయాక ఆగి, "సార్, పని నాకొచ్చు. రాయడమే నా వల్ల కావట్లేదు" అన్నాడు. తెలుగులో రాయడానికి కూడా ఆయనకు చాలా సమయం పడుతుందట. పక్కవాళ్లు చూస్తారని టెన్షన్.

ఆ మాటతో కాగితం పక్కన పెట్టేశాను. పరీక్ష చేసే ముందు ఆ మూడు ప్రశ్నలకూ జవాబు ఫోన్‌లో రికార్డ్ చేసి మాకు వినిపించాలి, అంతే. ముందే చెప్పడం ముఖ్యం గానీ రాయడం కాదు. రీడింగ్ చూశాక ఎవరైనా "నేను ఇదే అనుకున్నా" అంటారు. గొంతు రికార్డయి ఉంటే ఆ వీలుండదు. ఈ మార్పు చేసిన వారానికే చేపల బండి వచ్చింది.

వచ్చిన సమస్య

బండి కొల్లేరు వైపు నుంచి ఐసు పెట్టెల్లో చేపలు తెస్తుంది. నాలుగు సిలిండర్ల కామన్ రెయిల్ డీజిల్ ఇంజన్. యజమానే డ్రైవర్. రెండు నెలలుగా ఒకటే బాధ: లోడుతో ముప్పావు గంట నడిచాక ఉన్నట్టుండి పికప్ పడిపోతుంది. యాక్సిలరేటర్ మొత్తం తొక్కినా బండి లాగదు, చెక్ లైట్ వెలుగుతుంది. పక్కకు ఆపి పది నిమిషాలు ఆగి స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు పోతుంది. కొన్ని రోజులు అసలు రాదు, కొన్ని రోజులు రెండుసార్లు వస్తుంది. ఆలస్యమైతే ఐసు కరుగుతుంది, మార్కెట్‌లో చేపకు ధర పోతుంది.

అప్పటికే డీజిల్ ఫిల్టర్ రెండుసార్లు మార్చారు. రెయిల్ ప్రెషర్ సెన్సర్ మార్చారు. నాలుగు ఇంజెక్టర్లూ పంపు షాపులో విప్పించి సర్వీస్ చేయించారు. 38 వేలు ఖర్చయింది. ఇక హైప్రెషర్ పంపు ఓవర్‌హాల్ చేయాల్సిందేనని తేల్చారు. ఇందులో ఒక ఫిల్టరూ, సెన్సరూ మార్చింది మన మేస్త్రీయే. పంపు విప్పే ముందు ఒకసారి చూద్దామని బండిని క్లాసుకు తెచ్చాడు. పన్నెండుమంది ముందు తన పనిని తానే పరీక్షకు పెట్టడానికి చాలా ధైర్యం కావాలి. ఆ రోజే ఆ మాట ఆయనతో చెప్పాను.

మొదటి నిర్ణయం: కోడ్‌ని ఎంతవరకు నమ్మాలి

స్కానర్‌లో ఒకటే కోడ్, పీ0087. రెయిల్‌లో ప్రెషర్ ఉండాల్సినంత లేదని దానర్థం. ఫ్రీజ్ ఫ్రేమ్, అంటే తప్పు నమోదైన క్షణంలో ఉన్న లెక్కలు, ఇలా ఉన్నాయి: ఇంజన్ 2,700 ఆర్‌పీఎం, కంప్యూటర్ అడిగిన ప్రెషర్ 1,180 బార్, ఉన్నది 540 బార్, కూలెంట్ వేడి మామూలే.

మేస్త్రీ తన అంచనా రికార్డ్ చేశాడు: "ఫిల్టర్ కొత్తది, సెన్సర్ కొత్తది, నాజిల్స్ సర్వీస్ అయ్యాయి. మిగిలింది పంపే."

క్లాసులో దాదాపు అందరూ ఒప్పుకున్నారు. నేను ఇక్కడ చాలాసేపు ఆగాను, ఎందుకంటే ఈ తర్కం వినడానికి బాగుంటుంది. ఒక్కొక్కటీ తీసేస్తూ పోతే మిగిలిందే దొంగ అనడం సరైనదే. కానీ ప్రతిదాన్నీ పరీక్ష పెట్టి తీసేస్తేనే అది చెల్లుతుంది. ఇక్కడ దేన్నీ పరీక్షించలేదు, మార్చారు. రోజూ రాని తప్పు విషయంలో మార్చడం వల్ల ఏమీ తెలియదు. మార్చాక నాలుగు రోజులు బాగుంటే పార్ట్ వల్ల బాగుందో, ఆ నాలుగు రోజులు తప్పు రాలేదో చెప్పలేం. పైగా వాళ్ల జాబితాలో ఉన్నవన్నీ బానెట్ కింద కనిపించేవే. ట్యాంకు నుంచి ఫిల్టర్ దాకా ఉన్న మూడు మీటర్ల దారి ఆ జాబితాలోనే లేదు.

అందుకని బోర్డు మీద నాలుగు మాటలు రాశాను. ప్రెషర్ తక్కువగా కనిపిస్తోందంటే డీజిల్ రావడం లేదు, లేదా వచ్చింది ఒత్తిడి అవడం లేదు, లేదా అయిన ఒత్తిడి నిలవడం లేదు, లేదా అంతా ఉన్నా లేనట్టు చూపిస్తోంది. రావడానికి ట్యాంకు, పైపు, ఫిల్టర్. ఒత్తిడికి పంపు, దానిలోకి ఎంత డీజిల్ వెళ్లాలో అదుపు చేసే మీటరింగ్ వాల్వ్. నిలవడానికి ఇంజెక్టర్ల రిటర్న్ (వాటి నుంచి వెనక్కి పోయే డీజిల్), రెయిల్ మీది వాల్వ్. చూపించడానికి సెన్సర్, వైరింగ్. మేస్త్రీ ఆ నాలుగింటిని ఆ క్షణానే పట్టేశాడు. తర్వాత ఏ బండి దగ్గరికెళ్లినా వేళ్లు మడిచి అవే లెక్కపెట్టడం చూశాను.

రెండో నిర్ణయం: ఆ పది నిమిషాల్లో ఏం మారుతోంది

నా దృష్టిలో ఈ కేసుకు గుండెకాయ ఇదే. ఆపితే బాగవుతోంది. అంటే ఆగి ఉన్న పది నిమిషాల్లో బండిలో ఏదో మారుతోంది. నాలుగు అనుమానాలనూ ఒక్కొక్కటిగా ఆ ప్రశ్న దగ్గరికి తీసుకెళ్లాం.

ఇంజెక్టర్లు లోపల కారుతుంటే వేడి మీద ఎక్కువ కారతాయి, వేడెక్కిన డీజిల్ పలచబడుతుంది గనుక. కానీ లోడు మీద వేడెక్కిన ఇంజన్ పది నిమిషాల్లో చల్లబడదు. అలాంటప్పుడు వేడి మీద స్టార్టింగే కష్టమవ్వాలి. ఈ బండి మాత్రం సెల్ఫ్ కొట్టగానే అందుకుంటోంది. పంపు అరిగితే కూడా దాదాపు ఇదే కథ. సెన్సర్ తక్కువ చూపిస్తుంటే, కంప్యూటర్ నిజంగా తక్కువుందనుకుని ప్రెషర్‌ని ఇంకా పెంచుతుంది, ఇంజన్ గట్టిగా కొట్టుకునే శబ్దం రావాలి. ఇక్కడ మేస్త్రీ చెవి పనికొచ్చింది. ఆయన ఒకసారి బండి ఫెయిలైనప్పుడు పక్క సీట్లో ఉన్నాడు. "లేదు సార్, శబ్దం మెత్తబడింది, గట్టిపడలేదు" అన్నాడు ఏ తడుముకోవడమూ లేకుండా. సెన్సర్ మీద అనుమానం బాగా తగ్గింది.

అప్పుడు బ్యాచ్‌లోని ఒక ఐటీఐ కుర్రాడు ఇబ్బందికరమైన ప్రశ్న వేశాడు. "సార్, బాగవడానికి కారణం పది నిమిషాలు కాకపోవచ్చు కదా? కీ ఆఫ్ చేసి ఆన్ చేయడమే కావచ్చు." నిజమే. తప్పు నమోదు కాగానే కంప్యూటర్ ఇంజన్‌ని కాపాడటానికి పవర్ తగ్గించేస్తుంది. చాలా బండ్లలో కీ తీసి పెడితే ఆ కట్టడి పోతుంది. అలా అయితే మేం కట్టుకున్న ఆలోచనంతా కూలిపోతుంది.

యజమానిని అడిగితే ఆయన ఎప్పుడూ కీ తీసి పది నిమిషాలు ఆగేవాడు. రెండూ కలిసిపోయాయి. అందుకే ఆ వారానికి ఒక పని అప్పగించాం: ఈసారి ఫెయిలైతే కీ తీసి వెంటనే పెట్టి నడపాలి. మళ్లీ ఫెయిలైతే అప్పుడు ఆగాలి. ప్రతిసారీ కిలోమీటర్లు, ట్యాంకులో డీజిల్ ఎంతుంది, ఎంతసేపు ఆగాడు అన్నవి ఫోన్‌లో ఫొటో తీసి పంపాలి.

ఆరు రోజుల్లో నాలుగుసార్లు ఫెయిలైంది. వెంటనే కీ పెట్టినప్పుడు బండి లేచింది గానీ కిలోమీటరు లోపే మళ్లీ పడిపోయింది. పది నిమిషాలు ఆగిన తర్వాత మాత్రం ముప్పై, నలభై కిలోమీటర్లు పోయింది. అంటే కట్టడి తొలగడం ఒకటి, అసలు తప్పు తొలగడం వేరొకటి. ఆగడం వల్ల నిజంగానే ఏదో కదులుతోంది. ఇంకో విషయం మేం వెతకకుండానే దొరికింది. నాలుగుసార్లూ డీజిల్ ముల్లు సగానికి కిందే ఉంది.

ఇక్కడి నుంచి అనుమానం మొత్తం "రావడం లేదు" వైపు తిరిగింది. ఈ బండిలో ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు లేదు. హైప్రెషర్ పంపుకు జోడించిన చిన్న గేర్ పంపే అంత దూరం నుంచి డీజిల్‌ను లాక్కుంటుంది. లాగే దారిలో అడ్డం పడితే ఎక్కడా ఒక్క చుక్క కారదు, బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు.

పనిచేయని ప్రయత్నాలు

ఖాళీ బండితో గంటసేపు తిప్పాం, ఏమీ రాలేదు. షెడ్డులో న్యూట్రల్‌లో 3,000 ఆర్‌పీఎం దగ్గర ఇరవై నిమిషాలు ఉంచాం. అప్పుడూ రాలేదు. లోడు లేనప్పుడు ఇంజన్ తాగే డీజిల్ చాలా తక్కువ, సగం మూసుకుపోయిన దారి కూడా దానికి సరిపోతుంది. పైగా నిలబడి ఉన్న బండిలో ట్యాంకు కుదుపుకు లోనవదు. "ఇక్కడ బాగానే ఉందండీ" అని ఎన్ని షెడ్లు ఎన్ని బండ్లను వెనక్కి పంపి ఉంటాయో అనిపించింది. తప్పు పుట్టే పరిస్థితి తయారు చేయకుండా తప్పు లేదనడం పరీక్ష కిందికి రాదు.

ఇంజెక్టర్ల రిటర్న్ పరీక్ష కూడా చేశాం. నాలుగు రిటర్న్ పైపులకూ నాలుగు సీసాలు తగిలించి, వేడి ఇంజన్ మీద ఒకే సమయంలో ఎంతెంత పడుతుందో చూశాం. నాలుగూ దాదాపు సమానంగా, తక్కువగా ఉన్నాయి. దీనివల్ల తప్పు దొరకలేదు గానీ "నిలవడం లేదు" అన్న అనుమానాన్ని ఈసారి నిజమైన పరీక్షతో పక్కన పెట్టగలిగాం.

దారి చూపిన పరీక్ష

మిగిలినవి మూడు. ట్యాంకు మూత గాలి రంధ్రం మూసుకుపోయి ట్యాంకులో శూన్యం ఏర్పడటం ఒకటి. ట్యాంకులో డీజిల్ లాగే గొట్టం పగిలి, డీజిల్ మట్టం పగులు కిందికి దిగగానే గాలి పీల్చుకోవడం రెండోది. సగం ట్యాంకు ఆధారం దీనికి బాగా సరిపోతుంది. గొట్టం మూతిని ఏదో వచ్చి మూయడం మూడోది.

మూడింటినీ విడదీయడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. ట్యాంకుకూ ఫిల్టర్‌కూ మధ్య పారదర్శకమైన హోసు ముక్క, దానికి ఒక టీ ఆకారపు జాయింటు, ఆ జాయింటుకి లాగుడు ఎంతుందో చూపే వ్యాక్యూమ్ గేజీ. గాలి పీలుస్తుంటే ముందు బుడగలు కనిపిస్తాయి, గేజీ ముల్లు పెద్దగా లేవదు. దారి మూసుకుంటే ముల్లు లేస్తుంది, ఆ తర్వాతే సన్నని బుడగలు రావచ్చు. ఏది ముందు వచ్చిందన్నదే తేడా. గాలి రంధ్రం అయితే ముల్లు లేచాక ట్యాంకు మూత తీయగానే పడిపోతుంది.

గేజీని ఫిల్టర్‌కు ముందే ఎందుకు పెట్టాలి అని మేస్త్రీ అడిగాడు. తర్వాత పెడితే ముల్లు లేచినా ఫిల్టర్ వల్లా, ట్యాంకు వల్లా అన్నది తేలదు. ముందు పెడితే ఒక్క రీడింగ్‌తో సగం దారి తేలిపోతుంది. డీజిల్ ఉన్న గొట్టాన్ని క్యాబిన్‌లోకి తేకూడదు గనుక గేజీని ముందు అద్దం బయట టేపుతో బిగించాం. చేపల పెట్టెల బరువుకు సరిపడా నీళ్ల డ్రమ్ములు ఎక్కించి, ట్యాంకు సగానికి తక్కువ ఉంచి బయల్దేరాం.

బయల్దేరే ముందు అందరం అంచనాలు రికార్డ్ చేశాం. మేస్త్రీ "గొట్టం పగిలింది, ముందు బుడగలొస్తాయి" అన్నాడు. నేను "గాలి రంధ్రం, మూత తీస్తే ముల్లు పడిపోతుంది" అన్నాను.

నలభై నిమిషాల దాకా ముల్లు పాదరసం 3 అంగుళాల దగ్గరే ఉంది. ఒక కల్వర్టు దగ్గర కుదుపు తర్వాత 8కి లేచింది, నిమిషంలోపే 15. అంటే దాదాపు సగం వాతావరణ పీడనమంత లాగుడు. పికప్ పోయింది, లైటు వెలిగింది. బుడగలు ముల్లు లేచిన తర్వాతే సన్నగా వచ్చాయి. మేస్త్రీ అంచనా తప్పు. బండి పక్కకు ఆపి, ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ట్యాంకు మూత తీశాం. బుస్సుమన్న శబ్దం లేదు, ముల్లు కదల్లేదు. నా అంచనా కూడా తప్పు. అది పిల్లల ముందు రికార్డయి ఉండటం మంచిదే అయింది. ఆ రోజు తర్వాత బ్యాచ్‌లో తప్పు అంచనా చెప్పడానికి ఎవరూ జంకలేదు.

ఆ స్థితిలో ఎక్కువసేపు నడపనివ్వలేదు. హైప్రెషర్ పంపుకు లోపల నూనె లాంటిది డీజిలే. అది అందకపోతే పంపు తనను తానే అరగదీసుకుంటుంది. ఇంజన్ ఆపేసి గేజీని చూస్తూ కూర్చున్నాం. ముల్లు మెల్లగా దిగుతూ వచ్చింది, 12, 10, 9. ఏడో నిమిషంలో ఒక్కసారిగా సున్నాకు పడిపోయింది. మేస్త్రీ అద్దం దగ్గరే నిలబడి, "వదిలేసింది సార్, పట్టుకున్నదేదో వదిలేసింది" అన్నాడు. ఆ పది నిమిషాల్లో ఏం మారుతోందో కళ్ల ముందు కనిపించింది. లాగుడు ఉన్నంతసేపూ అంటుకుని ఉంటుంది, లాగుడు తగ్గాక విడిపోయి పక్కకు పోతుంది.

ట్యాంకు దించితే అడుగున అరచేయంత పలచని ప్లాస్టిక్ కవరు ముక్క దొరికింది. ట్యాంకు మూతి దగ్గర ఉండాల్సిన జాలీ ఎప్పుడో ఊడిపోయింది. కవరును చూడగానే యజమానికి గుర్తొచ్చింది. ఒకసారి దారిలో డీజిల్ అయిపోతే క్యాన్‌తో తెప్పించి పోశారు. కారకుండా క్యాన్ మూత కింద కవరు పెట్టి బిగిస్తారు కదా, అది చిరిగి డీజిల్‌తో పాటు లోపలికి జారింది. మొదటి రోజు నేను ఆయన్ని "ఈ బాధ మొదలవకముందు ఏమైనా జరిగిందా" అని అడిగాను. లేదన్నాడు. ఆయన లెక్కలో డీజిల్ పోయించుకోవడం జరగడం కిందికి రాదు. "డీజిల్ ఎక్కడెక్కడ, ఎలా పోయించారు" అని అడిగి ఉంటే వారం రోజులు కలిసొచ్చేది. ఇప్పుడు ఆ ప్రశ్న మా హిస్టరీ ప్రశ్నల్లో మొదటి వరుసలో ఉంది.

పూర్తయిందని ఎలా తేల్చాం

కవరు దొరకగానే అందరూ ఫొటోలు తీసుకుని వెళ్లిపోబోయారు. ఆపాను. ట్యాంకు కడిగి, జాలీ వేయించి, పాత ఫిల్టర్‌ను కోసి, మడతల్లో లోహపు మెరుపు ఉందేమో టార్చి వేసి చూశాం. పంపు అరుగుదల మొదలై ఉంటే అక్కడే ఆనవాలు కనిపించే వీలుంది. ఏమీ లేదు. అప్పుడే పంపు విప్పాల్సిన అవసరం లేదని యజమానికి చెప్పగలిగాం. తర్వాత అదే లోడు, అదే రోడ్డు, అదే సగం ట్యాంకు, గేజీ అలాగే ఉంచి రెండుసార్లు నడిపాం. ముల్లు 3 దాటలేదు. నాలుగు నెలలు గడిచాయి, కోడ్ మళ్లీ రాలేదు.

ఆ కవరు ముక్కను పారేయలేదు. పారదర్శకమైన టబ్బులో డీజిల్ పోసి, గొట్టం దించి, చిన్న పంపు పెట్టి, టబ్బును ఊపుతూ వచ్చే ప్రతి బ్యాచ్‌కీ చూపిస్తున్నాను. కవరు తేలుతూ తేలుతూ వచ్చి మూతికి అంటుకుంటుంది, గేజీ లేస్తుంది, పంపు ఆపిన కాసేపటికి జారిపోతుంది. మెకానికల్ తప్పును క్లాసులో పుట్టించలేమని నేను అనుకున్న మాట అలా పోయింది.

నేర్చుకున్నవి, ఇంకా మిగిలినవి

నాకు తెలిసొచ్చింది ముఖ్యంగా బోధన గురించి. అనుభవమున్న మెకానిక్‌కి కొత్త విషయం నేర్పడం కంటే, ఆయనకున్న విషయాన్ని సరైన చోట పెట్టడమే ఎక్కువ పని. మేస్త్రీ చెవి సెన్సర్‌ను పక్కన పెట్టడంలో సాయపడింది, స్కానర్ అంత తేలిగ్గా ఆ పని చేయలేకపోయేది. కాకపోతే ఆ చెవి చెప్పేదాన్ని తీర్పు అనుకోకుండా అనుమానం అనుకుని, దానికి ఒక పరీక్ష జతచేయాలి. ముందే అంచనా చెప్పి రికార్డ్ చేయడం ఆ జత కుదిర్చింది. రాయమని పట్టుబట్టి ఉంటే రెండో నెలలోనే ఆయన్ని పోగొట్టుకునేవాణ్ణి.

బ్యాచ్ అయ్యాక కూడా మేస్త్రీ రికార్డింగులు పంపుతున్నాడు. పోయిన నెల ఒక బండికి టర్బో అనుకున్నాడట, ముందు ఇంటర్‌కూలర్ హోసు ఒత్తి చూస్తే కింద చీలిక దొరికింది. అంచనా తప్పే, కానీ టర్బో కొనలేదు. పాత పద్ధతిలో అయితే అది కొన్నాకే తెలిసేది.

తేలనిది డబ్బు సంగతి. పార్ట్ మారిస్తే కస్టమర్ డబ్బు ఇస్తాడు, చేతిలో పాత పార్ట్ కనిపిస్తుంది గనుక. రెండు గంటలు గేజీ పెట్టి కనుక్కున్నందుకు ఇవ్వడానికి మనసొప్పదు. చేపల బండికి మేస్త్రీ ట్యాంకు దించిన కూలి మాత్రమే తీసుకున్నాడు. తాను ముందు వేసిన సెన్సర్ డబ్బు తిరిగి ఇవ్వబోతే యజమాని, "వద్దన్నా, పంపు విప్పకుండా ఆపావు, అది చాలు" అన్నాడట. ఇప్పుడు షెడ్డు గోడ మీద చెకింగ్ చార్జి 400 రూపాయలు అని రాయించాడు. రిపేరు అక్కడే చేయించుకుంటే అందులో సగం తగ్గిస్తాడు. మొదటి నెలలో కొందరు ఆ బోర్డు చూసి పక్క షెడ్డుకు వెళ్లిపోయారు. వారిలో ఇద్దరు తిరిగి వచ్చారు, ఒకాయన సంచిలో తీసేసిన కొత్త సెన్సర్ పట్టుకుని.